రీఫ్ అక్వేరియంలో నాచు: మందు సీసా కొనే ముందు చూడవలసినవి

సంపాదకులకు,

అయ్యా,

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ఇళ్లలో పెంచుకునే సముద్రపు అక్వేరియంల మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఈ విషయం గురించి రాసేవారే అరుదు కాబట్టి ఆ ప్రయత్నాన్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే ట్యాంకులో నాచు విపరీతంగా పెరిగినప్పుడు ఏం చేయాలో చెప్పిన పేరా మాత్రం నన్ను కలవరపెట్టింది. నాచును చంపే మందు ఒక సీసా తెచ్చి పోయాలని, మూడు రోజులు లైట్లు ఆర్పేసి ట్యాంకుకు దుప్పటి కప్పాలని, సగం నీళ్లు తోడేసి వంటింటి ఆర్వో నీళ్లతో ఉప్పు కలిపి నింపాలని, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు దించి అక్కడే నిలపాలని అందులో ఉంది. వీటిలో ఏ ఒక్కటీ ఎల్లవేళలా తప్పు అనను. కానీ పెరుగుతున్నది ఏ జీవి, దానికి తిండి ఎక్కడి నుంచి వస్తోంది అనే రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఈ నాలుగూ కలిపి చేస్తే, నాచు పోయినా పోకపోయినా పగడాలు, చేపలు పోయే అవకాశమే ఎక్కువ. ముఖ్యంగా పోషకాలను సున్నాకు దించాలన్న చివరి సలహాను సరిదిద్దవలసిన అవసరం ఉందని భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది కాస్త పొడవైనందుకు మన్నించగలరు.

రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో) నాచు పేరుతో చెలామణీ అయ్యేవన్నీ ఒకే కోవకు చెందినవి కావు. కొన్నింటికి ఒకదానితో మరొకదానికి చుట్టరికం కూడా లేదు. కొత్తగా పెట్టిన ట్యాంకులో తొలి వారాల్లో ఇసుక మీదా అద్దం మీదా గోధుమరంగు పొడి పరచినట్టు కనిపించేవి డయాటమ్‌లు అనే ఏకకణ నాచులు. వాటి కణకవచం సిలికాతో తయారవుతుంది కాబట్టి నీటిలో కరిగిన సిలికా తరిగిపోగానే చాలావరకు అవే తగ్గుముఖం పడతాయి. వాటిని చూసి కంగారుపడి మందు పోయడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. రాళ్ల మీద పచ్చటి వెంట్రుకల్లా పెరిగే డెర్బేసియా, క్లాడోఫోరా వంటివి అసలైన ఆకుపచ్చ నాచులు. వాటిలాగే కనిపించినా దగ్గరగా చూస్తే ఒక్కో పోగూ ఈకలా రెండు వైపులా విచ్చుకుని ఉండేది బ్రయాప్సిస్. ఇది మామూలు నాచు తినే చేపలకు, నత్తలకు అంతగా రుచించదు, పీకినా రాతి సందుల్లో మిగిలిన ముక్క నుంచి మళ్లీ లేస్తుంది. ఆకుపచ్చ పూసల్లా రాతికి అంటుకుని ఉండే వలోనియాలో ఒక్కో పూసా ఒక్కటే కణం. ఎర్రగానో ముదురు ఊదాగానో దుప్పటిలా పరచుకుని, గొట్టంతో పీలిస్తే తెరలు తెరలుగా లేచివచ్చేది నాచే కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి. దానిలో కొన్ని రకాలు నీటిలో కరిగిన నత్రజని వాయువునే తమకు కావలసిన రూపంలోకి మార్చుకోగలవు కాబట్టి నైట్రేట్‌ను మాడ్చి వాటిని పస్తులు ఉంచాలనుకోవడం కుదిరే పని కాదు. ప్రవాహం అందని మూలలను సరిచేసి, ఇసుకలో పేరుకున్న మడ్డిని పీల్చివేస్తే అది చాలా ట్యాంకుల్లో లొంగుతుంది.

ఇక అన్నింటిలోకీ ప్రమాదకరమైనవి, మన దుకాణాల్లో తరచుగా డయాటమ్‌లని పొరబడేవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. వీటిని గుర్తుపట్టడానికి రోజంతా ట్యాంకును గమనించాలి. పొద్దున్న లైట్లు వెలిగే సమయానికి ఇసుక తెల్లగా, ఎవరో రాత్రి కడిగి పెట్టినంత శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నానికి గోధుమరంగు మరకలు తేలతాయి. సాయంత్రానికి రాళ్ల అంచుల నుంచి, పగడాల కొమ్మల నుంచి చీమిడిలాంటి జిగట తీగలు వేలాడుతూ, ఒక్కో తీగ కొసన ఒక గాలిబుడగ నిలబడి ఉంటుంది. లైట్లు ఆరిన కొద్ది గంటలకు మళ్లీ అంతా మాయమవుతుంది. ఆ జిగటను మేసిన నత్తలు పట్టు వదిలి ఇసుక మీద వెల్లకిలా పడి ఉంటే అనుమానం మరింత బలపడినట్టే. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది: ఆ జిగటను కొద్దిగా ట్యాంకు నీటితో పాటు ఒక చిన్న సీసాలోకి పీల్చి, తీగలన్నీ విడిపోయేదాకా గట్టిగా కుదిపి, వడపోత కాగితంలో వడకట్టి, కిందికి దిగిన నీటిని ఒక గాజు గ్లాసులో పోసి వెలుతురులో ఉంచాలి. గంట లోపల ఆ నీటిలో మళ్లీ తీగలు కట్టడం మొదలైతే అవి డైనోఫ్లాజెల్లేట్లే అనుకోవచ్చు. కాలేజీ ల్యాబుల్లో ఉండే మామూలు మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే 400 రెట్ల దగ్గర చూస్తే సందేహం పూర్తిగా తీరుతుంది: డయాటమ్‌లు కదలకుండానో, మెల్లగా జారుతూనో ఉంటాయి; డైనోఫ్లాజెల్లేట్లలో ఒక కొస కూచిగా ఉండి, ఆ కొసను పట్టుకుని గిరగిరా తిరిగేది ఆస్ట్రియాప్సిస్; గుండ్రంగా, చదునుగా ఉండి ఇసుక రేణువుల మధ్య ఈదేది యాంఫిడీనియం.

ఈ తేడా పట్టించుకోనక్కరలేని పాండిత్యమేమీ కాదు. ఆస్ట్రియాప్సిస్ రాత్రివేళ ఇసుకను వదిలి నీటిలోకి లేస్తుంది కాబట్టి, ట్యాంకు పరిమాణానికి తగిన యూవీ గొట్టాన్ని (అతినీలలోహిత కాంతితో నీటిలోని కణాలను చంపే పరికరాన్ని) నేరుగా ట్యాంకుకే కలిపితే దాని సంఖ్య వేగంగా పడిపోతుంది. పెద్ద కణాల యాంఫిడీనియం ఇసుకను వదలదు. దాని మీద యూవీ ఖర్చు దండగ. అక్కడ అనుభవజ్ఞులు చేసే పని, నీటిలో కావాలని కొద్దిగా సిలికా పెంచి డయాటమ్‌లను పోటీకి దింపడం. అంటే ట్యాంకు పెట్టిన తొలి నెలలో ఎవరిని వదిలించుకోవాలని ఆరాటపడ్డామో వారినే పిలిచి పీట వేయవలసి వస్తుందన్నమాట. రెంటికీ ఒకే సీసా మందు రాసిచ్చే దుకాణదారు ఈ తేడా చూడలేదనే అనుకోవాలి.

ఇప్పుడు సున్నా సంగతికి వస్తాను. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైతే పచ్చ నాచు పెరుగుతుందన్నది నిజం. దాని నుంచి, ఆ రెండూ అసలు లేకుండా చేస్తే నాచు సమస్యే ఉండదన్న నిర్ణయానికి చాలామంది వచ్చేస్తారు. మీ వ్యాసకర్తా అదే చేశారు. కానీ డైనోఫ్లాజెల్లేట్లు విజృంభించేది ఎక్కువగా ఆ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లోనే. పోటీకి రాగల బాక్టీరియా, డయాటమ్‌లు, పచ్చ నాచులు అన్నీ పస్తులతో వెనకబడినప్పుడు, వెలుతురు నుంచి ఆహారం తయారుచేసుకుంటూనే ఇతర జీవులను తిని కూడా బతకగల ఈ కణాలకు మైదానం ఖాళీగా దొరుకుతుంది. పైగా పగడాలకు కూడా ఇదే దెబ్బ. పగడం ఒంట్లో నివసిస్తూ దానికి తిండి పెట్టే జూగ్జాంథెల్లాలు కూడా డైనోఫ్లాజెల్లేట్ల వంశానికే చెందినవి; వాటికీ నత్రజని, భాస్వరం కావాలి. ఫాస్ఫేట్ కరువైన నీటిలో పగడాలు వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక త్వరగా తెల్లబడిపోతాయని బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. అందుకే ఇప్పుడు అనుభవం ఉన్న వారు నైట్రేట్‌ను లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య, ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంచుకోమంటారు. సహజమైన పగడపు దిబ్బల దగ్గర నీటిలో ఇవి ఇంతకన్నా తక్కువే ఉంటాయి. కానీ అక్కడ ప్రతి అలా కొంత ప్లవకాన్ని (నీటిలో తేలే సూక్ష్మజీవులను) మోసుకొచ్చి పగడాల నోటికి అందిస్తుంది, ఇంట్లో ఆ ఏర్పాటు లేదు.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒక్క మెలకువ అవసరం. రాళ్ల నిండా పచ్చ నాచు ఉన్న ట్యాంకులో పరీక్ష చేస్తే ఫాస్ఫేట్ దాదాపు కనపడకపోవచ్చు. దాని అర్థం పోషకం లేదని కాదు, వచ్చినది వచ్చినట్టు నాచు మింగేస్తోందని. రాళ్లు కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి అవి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుని, నీటిలో అది తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంటాయి. అందువల్ల ఐరన్ ఆక్సైడ్ గుళికల లాంటి ఫాస్ఫేట్ పీల్చే పదార్థాలను ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో వేసి వారంలో ఫలితం చూడాలనుకోవడం రెండు విధాలా చేటు: పగడాలు బెదిరిపోతాయి, రాయి నుంచి వచ్చేది మళ్లీ వస్తూనే ఉంటుంది. నెలల తరబడి నెమ్మదిగా దించడం తప్ప దగ్గరి దారి లేదు.

తిండి ఎక్కడి నుంచి వస్తోందన్న రెండో ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు చేపల మేత. అది సరైనదే, గడ్డకట్టిన మేతను కరిగించిన నీళ్లను ట్యాంకులో పోయకుండా వడకట్టి పారబోయాలని, రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయాలని ఇప్పటికే చాలామందికి తెలుసు కనుక దాన్ని సాగదీయను. మన ప్రాంతంలో అంతకన్నా పెద్ద దారి నీళ్లు. హైదరాబాద్‌కు మంజీర, సింగూరు నీళ్లతో పాటు అక్కంపల్లి మీదుగా కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి వస్తున్నాయి. అవి చాలని చోట బోర్లు, ట్యాంకర్లు. దక్కన్ పీఠభూమి గ్రానైట్ రాతి నేల; దాని పొరల్లోంచి వచ్చే బోరు నీటిలో సిలికా కరిగి ఉంటుంది, డయాటమ్‌లకు అది పండగ. నైట్రేట్ విషయానికి వస్తే, తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. మనుషులు నిశ్చింతగా తాగదగిన నీటిలోనే, రీఫ్ ట్యాంకుకు గరిష్ఠంగా అనుకునే 10 మిల్లీగ్రాములకు నాలుగు రెట్లకు పైగా నైట్రేట్ ఉండవచ్చన్నమాట. తాగునీటి ప్రమాణానికీ పగడాల అవసరానికీ పొంతనే లేదు, ఉండనవసరమూ లేదు.

వంటింటి ఆర్వో యంత్రం ఈ సమస్యను తీరుస్తుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. ఆ యంత్రం తయారైనది మన నోటికి రుచిగా ఉండే నీళ్ల కోసం. అందులో టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) కంట్రోలర్ అనే ఒక చిన్న వాల్వు ఉండి, ఆర్వో పొరను దాటిన నీటిలో దాటని నీటిని కొంత కలిపి వదులుతుంది. కొన్నింటిలో పైగా ఖనిజాల కాట్రిడ్జ్ కూడా ఉంటుంది. ఆ నల్లా కింద టీడీఎస్ మీటరు పెడితే 50 నుంచి 100 దాకా చూపడం మామూలే. తాగడానికి అది మంచిదే. రీఫ్ ట్యాంకుకు కావలసింది సున్నా చూపే నీరు: మురికి, క్లోరిన్ పట్టే వడపోతల తర్వాత ఆర్వో పొర, ఆ తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ గుళికలు. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. రెసిన్ అయిపోవస్తున్నప్పుడు ముందుగా జారిపోయేది సిలికా. అది నీటిలో విద్యుదావేశం లేకుండా ఉండడం వల్ల మీటరు ఇంకా సున్నానే చూపుతుంది. మీటరు సున్నా చూపుతుండగానే అద్దం మీద మళ్లీ గోధుమరంగు పొర రావడం మొదలైతే, చేపల మేతను అనుమానించే ముందు రెసిన్ మార్చి చూడడం మంచిది.

వేసవిలో ఇది ఎంత తేడా తెస్తుందో లెక్కగట్టి చెబుతాను. 200 లీటర్ల ట్యాంకులో ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 3 లీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. పైన ఫ్యాను పెట్టి చల్లబరిచే ఇళ్లలో ఇది అసాధ్యం కాదు. ఆవిరయ్యేది స్వచ్ఛమైన నీరు మాత్రమే, అందులో కరిగినవన్నీ ట్యాంకులోనే మిగులుతాయి. ఆ లోటును భర్తీ చేయడానికి పోసే నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే, నెలకు 90 లీటర్లతో 900 మిల్లీగ్రాములు ట్యాంకులోకి చేరినట్టు. అంటే మొత్తం ట్యాంకు నైట్రేట్ ఒక్క నెలలో లీటరుకు 4.5 మిల్లీగ్రాములు పెరుగుతుంది, ఒక్క చేపకు ఒక్క మెతుకు వేయకపోయినా. ఇదే నీటితో సగం ట్యాంకు మార్చమన్న మీ వ్యాసంలోని సలహా ఆకలితో ఉన్న నాచుకు విందు పెట్టడమే అవుతుంది. నీళ్లు శుభ్రమైనవే అయినా ఒక్కసారిగా సగం మార్చితే ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఆల్కలినిటీ (క్షారత) కుదుపుకు లోనవుతాయి. వారానికి పదో వంతు చొప్పున మార్చడం మేలు. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల తీరం నుంచే నీళ్లు తెచ్చుకునేవారు ఉన్నారు. వారికి ఒక్క హెచ్చరిక: నగర కాలువలు కలిసే తీరపు నీటి సంగతి అటుంచినా, వేసవికి ముందు నెలల్లో విశాఖ తీరంలో లోతు నీళ్లు పోషకాలను మోసుకుని పైకి వస్తాయని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నాటి నుంచే పరిశోధకులు గుర్తించారు. సముద్రపు నీరే కదా అని పరీక్షించకుండా వాడడం సరి కాదు.

నాచును తినే జీవుల గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం ఆశ్చర్యం కలిగించింది. సముద్రంలో పగడపు దిబ్బలు పచ్చబడకుండా ఉన్నది ప్రధానంగా ఆ జీవులు పగలూ రాత్రీ నాచును మేయడం వల్లనే. దీనికి నిదర్శనం కరీబియన్ సముద్రంలో కనిపించింది. 1983లో పనామా తీరంలో మొదలైన ఒక వ్యాధి డయడెమా అనే పొడవు ముళ్ల సముద్రపు అర్చిన్‌లను ఆ సముద్రమంతటా తుడిచిపెట్టింది. జమైకాలో అప్పటికే మితిమీరిన వేట వల్ల నాచు తినే చేపలు తగ్గిపోయి ఉన్నాయి. తుపాన్ల దెబ్బలూ తోడై, 1970ల చివర్లో 50 శాతానికి పైగా ఉన్న పగడాల విస్తీర్ణం 1990ల ఆరంభానికి 5 శాతం లోపుకు పడిపోయిందని, నాచు 4 శాతం నుంచి 92 శాతానికి పెరిగిందని పగడాల శాస్త్రవేత్త టెరీ హ్యూస్ 1994లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఇంటి ట్యాంకులో ఆ కాపలా పని చేసేవి సర్జన్ చేపలు, ర్యాబిట్ చేపలు, అర్చిన్‌లు, నత్తలు. వలోనియాను కొరికి తినే పచ్చ పీత కూడా. సర్జన్ చేపలకు ఈదడానికి పెద్ద ట్యాంకు కావాలి, ర్యాబిట్ చేప ముళ్లలో విషం ఉంటుంది కాబట్టి చేయి పెట్టేటప్పుడు జాగ్రత్త. ఏ నత్తయినా మూరెడు పొడవు పెరిగిన నాచును తినదు. ముందు మనం కోసి, పీకి తగ్గిస్తే కొత్తగా మొలిచేదాన్ని అది అదుపులో పెడుతుంది.

ఇక్కడే చట్టం సంగతి చెప్పక తప్పదు. విదేశాల్లోని సలహాలను చూసి ఫలానా నత్తను తెచ్చి వేయండి, సముద్రపు లైవ్ రాక్ (జీవులు పట్టి ఉన్న పగడపు రాయి) తెచ్చి పెట్టండి అని మన దుకాణాల్లో తేలిగ్గా చెప్పేస్తుంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో 2001లో రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, విసనకర్రలా విచ్చుకునే సీ ఫ్యాన్ పగడాలను చేర్చారు. చాలా ఇళ్లలో నాచు కోసం అడిగే ట్రోకస్ నీలోటికస్ అనే నత్త కూడా అప్పుడే చేరింది. మన సముద్రాల నుంచి తీసిన పగడపు రాయిని కొనడం నేరానికి సహకరించడమే. అందుకే సిరామిక్ రాళ్లతో, తవ్వి తీసిన పాత సున్నపురాళ్లతో ట్యాంకు మొదలుపెట్టడం సరైన పద్ధతి. అయితే అలాంటి బోడి రాళ్ల మీద సూక్ష్మజీవుల సమాజం ఏర్పడడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో డయాటమ్‌లు, సయనోబాక్టీరియా, పచ్చ నాచు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోవడం సహజమని కొత్తవారికి అమ్మేటప్పుడే చెప్పాలి. రాళ్ల మీద గులాబీ, ఊదా రంగుల్లో గట్టి పొరలా కట్టే కోరలైన్ నాచు స్థిరపడే దాకా కొంత వికారాన్ని భరించక తప్పదు.

ఇప్పుడు సీసా మందుల గురించి. వీటిలో చాలావాటి మీద లోపల ఏముందో రాసి ఉండదు. ఎర్ర జిగటకు అని విడిగా పొట్లాల్లో కట్టి అమ్మే పొడుల్లో కొన్ని ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. డాక్టరు చీటీ లేకుండా మనిషికి అమ్మకూడని మందు అక్వేరియం దుకాణంలో చెంచాల లెక్కన అమ్ముడుపోతోంది. ఆ మందు కలిసిన నీళ్లు చివరకు చేరేది మురుగు కాలువలోకే. మందుల పరిశ్రమ వ్యర్థాలతో పటాన్‌చెరు చుట్టుపక్కల నీళ్లు ఏమయ్యాయో చూసిన నగరంలో ఉంటూ ఇంకొంచెం యాంటీబయాటిక్‌ను మనవంతుగా కలపడం నాకు మింగుడుపడని విషయం. బ్రయాప్సిస్ మీద ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు పని చేస్తుందని చాలామంది అనుభవంలో తేలింది. కానీ అదే మందును సయనోబాక్టీరియాకో డైనోఫ్లాజెల్లేట్లకో వేస్తే డబ్బు దండగ తప్ప ఫలితం ఉండదు. ఏ మందుతో చంపినా చచ్చిన నాచు ట్యాంకులోనే కుళ్లి, తాను దాచుకున్న పోషకాన్నంతా తిరిగి నీటిలో కలుపుతుంది; ఆ కుళ్లే క్రమంలో నీటిలోని ఆక్సిజన్ వేగంగా తరిగిపోతుంది. మందు వేసినప్పుడు స్కిమ్మర్‌ను (గాలిబుడగలతో నీటిలోని మురికిని తీసే యంత్రాన్ని) ఆపమని సీసా మీదే రాస్తారు కనుక గాలి అందే ప్రధాన మార్గమూ మూసుకుపోతుంది. వెచ్చటి నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ కరుగుతుంది. మే నెల రాత్రి గంటసేపు కరెంటు పోయిందంటే తెల్లారేసరికి చేపలు చచ్చి పైకి తేలవచ్చు.

నేను సిఫారసు చేసే పద్ధతికి చేతి చాకిరీ ఎక్కువ, ఖర్చు తక్కువ. నీళ్లు మార్చే రోజున బకెట్‌లోకి ట్యాంకు నీటిని తోడుకుని, కదిలించగల రాళ్లను ఒక్కొక్కటిగా అందులోకి దించి, గట్టి పళ్ల బ్రష్షుతో సందుసందునా రుద్ది, ఆ మురికి నీటిని పారబోసి, మరో బకెట్ ఉప్పునీటిలో జాడించి తిరిగి పెట్టాలి. కదలని రాళ్ల దగ్గర ఒక చేత్తో సన్నటి గొట్టం పట్టుకుని రెండో చేత్తో పీకుతుంటే తెగిన పోగులు నీటిలో చెదిరిపోకుండా గొట్టంలోకి పోతాయి. ఈ గొట్టం లేకుండా పీకడమంటే విత్తనాలు చల్లడమే. మొండిగా ఉన్న చోట రాయిని బయటికి తీసి, పగడాలకు తగలకుండా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్షుతో పూసి కొద్ది నిమిషాల తర్వాత కడగవచ్చు. మరిగించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. నాచు చావాలని రాళ్లను గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టినప్పుడు, వాటి మీద ఉన్న జోయాంథిడ్‌లు అనే పగడాల లాంటి జీవుల నుంచి పేలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఆవిరితో పాటు లేచి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి. రాళ్లు రుద్దేటప్పుడు కూడా చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి.

పీకిన తర్వాత మళ్లీ రాకుండా ఉండాలంటే పోషకాన్ని మనకు నచ్చిన చోట, నచ్చిన నాచు చేత తినిపించడం ఒక చక్కటి ఉపాయం. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ తెర మీద నాచును పెంచి కోసివేయడం ద్వారా పగడాల ట్యాంకు నీటిని శుభ్రం చేసే పద్ధతిని 1980ల నాటికే రూపొందించారు. ఇంటి స్థాయిలో సంప్‌లో (ట్యాంకుకు కలిపి కింద పెట్టే నీటి తొట్టిలో) ఒక గదిని విడిచి, అందులో కీటోమార్ఫా అనే తీగ నాచును ఉండలా వేసి, ప్రధాన ట్యాంకు లైట్లు ఆరిన సమయంలో దానికి లైటు వెలిగిస్తే పోషకాలు తగ్గడంతో పాటు రాత్రివేళ పీహెచ్ కూడా మరీ పడిపోదు. ఉండ పెరిగినకొద్దీ సగం తీసి పారేస్తుండాలి, లేకుంటే తీసుకున్నదంతా లోపలే ఉండిపోతుంది. ఈ గదిలో కాలెర్పా అనే మరో నాచును వేయమని కొందరు చెబుతారు. అది అకస్మాత్తుగా ఒక్క రాత్రిలో బీజకణాలు వదిలి తెల్లగా కరిగిపోయి నీటిని పాల రంగుకు తేగలదు కాబట్టి నేను చెప్పను.

పీకిన నాచును ఎక్కడ పారేస్తున్నామన్నది కూడా ఇంతే ముఖ్యం. 1984లో మొనాకోలోని సముద్ర శాస్త్ర మ్యూజియం గోడల కింద కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు చిన్న మడిగా కనిపించింది. తర్వాత అది మధ్యధరా సముద్ర తీరంలో వేల ఎకరాలకు పాకింది. 2000 సంవత్సరంలో అదే రకం అమెరికాలోని కాలిఫోర్నియా తీరపు ఒక ఉప్పుటేరులో బయటపడితే, టార్పాలిన్లు కప్పి, కింద క్లోరిన్ పంపి, 2006లో పూర్తిగా పోయిందని ప్రకటించే దాకా లక్షల డాలర్లు ఖర్చు చేశారు. మన దగ్గర అక్వేరియం ద్వారా కాకపోయినా, సాగు కోసం తమిళనాడులోని మండపం తీరానికి తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదికి పాకింది. అందుచేత ట్యాంకు నుంచి తీసిన నాచును, రాళ్లను, నీటిని సముద్రంలోకి, ఉప్పుటేరుల్లోకి వదలకూడదు. నాచును ఎండబెట్టి చెత్తలో వేయాలి. విశాఖ తీరంలోనైనా, విదేశాల్లో సముద్రం పక్కన ఉండే మనవాళ్ల ఇళ్లలోనైనా ఈ నియమం ఒక్కటే.

దుకాణదారులకు నా విన్నపాలు రెండు: తాము అమ్మే ఉప్పునీటి, డీఐ నీటి టీడీఎస్, నైట్రేట్, ఫాస్ఫేట్ అంకెలను ఒక పలక మీద రాసి పెట్టాలి, లోపల ఏ మందు ఉందో రాయని పొట్లాలను అమ్మడం మానాలి. మీ పత్రికను కోరేది, పోషకాలను సున్నాకు దించమన్న వాక్యాన్ని, వంటింటి ఆర్వో నీటితో సగం ట్యాంకు మార్చమన్న వాక్యాన్ని సవరిస్తూ ఒక చిన్న వివరణ వేయమని. ఈలోగా ఆ వ్యాసం చదివి ఎవరైనా ఇప్పటికే మందు పోసి ట్యాంకుకు దుప్పటి కప్పి ఉంటే, వారు వెంటనే బ్యాటరీతో నడిచే గాలి పంపును లోపల పెట్టాలి, నీటి పైభాగం కదిలేలా పవర్‌హెడ్‌ను (ట్యాంకులో ప్రవాహం పుట్టించే పంపును) పైకి తిప్పాలి, చచ్చిన నాచును ప్రతి రోజూ గొట్టంతో పీల్చివేయాలి, వాసనలో తేడా వచ్చినా చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా దుప్పటి తీసేసి, మందును పీల్చే కొత్త కార్బన్ వేసి స్కిమ్మర్‌ను నడపాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్